కార్తీకంలో కొండకీ సముద్రానికీ: నెల్లూరు, ప్రకాశం దారుల్లో బయలుదేరే ముందు

కార్తీకం దగ్గర పడితే చాలు, మన రెండు జిల్లాల్లో కుటుంబాల వాట్సాప్ గ్రూపులన్నీ టూర్ ప్లాన్లతో నిండిపోతాయి. ఒక రోజు నల్లమల, ఒక రోజు భైరవకోన, ఉదయగిరి. మూడో రోజు పెంచలకోనలో దర్శనం చేసుకుని సాయంత్రానికి మైపాడు. ఒంగోలు వాళ్లయితే చివరి మజిలీ కొత్తపట్నం. అడవి, కొండ, సముద్రం మూడూ ఒక చిన్న కారు ప్రయాణంలో సరిపోతాయి. మార్కాపురం, కనిగిరి, పామూరు మీదుగా రాపూరు వైపు దిగే 565వ నంబరు జాతీయ రహదారి ఉంది కాబట్టి దారి గురించి కూడా పెద్ద బెంగ లేదు.

చిక్కల్లా కాలంతోనే. జలపాతాలు నిండుగా దూకేది, కొండలు పచ్చగా ఉండేది, వనభోజనాలు, సముద్ర స్నానాలు వచ్చేది ఏ నెలల్లోనో, మన తీరానికి తుపాన్లు వచ్చేదీ ఆ నెలల్లోనే. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానాకాలం అంటే జూన్, జులై. నెల్లూరుకు ఆ లెక్క కుదరదు. అక్టోబరు 20కి అటూ ఇటూగా ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి, ఏడాది వానలో సగానికి పైగా అక్కడి నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడుతుంది, వాయుగుండంగా మారుతుంది, ఒక్కోసారి తుపాను అవుతుంది. ఇదంతా మూడు నాలుగు రోజుల్లో జరిగిపోవచ్చు. సెలవు పెట్టి, రూమ్ బుక్ చేసి, బంధువులందరినీ ఒప్పించడానికి మనకు అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

అందుకే ట్రిప్ మొత్తాన్ని ఒకే ముక్కగా ప్లాన్ చేయొద్దంటాను. కొండ భాగం వేరు, సముద్రం భాగం వేరు. ఏది ఎప్పుడు మానేయాలో బయలుదేరే ముందే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. కారులో ఎనిమిది మందిని ఎక్కించుకుని సగం దారి పోయాక ఈ చర్చ మొదలైతే ఎప్పుడూ గెలిచేది "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాటే. రూమ్ బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చేదే చూసుకోండి. నాలుగొందలు ఎక్కువైనా ఫరవాలేదు. డబ్బు పోతుందన్న బాధతో వానలో బయలుదేరిన వాళ్లు చాలామందే ఉన్నారు.

వాన ఎక్కడ పడుతోంది?

మన ఊళ్లో ఎండ కాస్తోందని ధైర్యపడటానికి లేదు. పెన్నలో వచ్చే నీళ్లు నెల్లూరులో పడిన వాన కాదు. 2021 నవంబరు అందరికీ గుర్తుండే ఉంటుంది. కడప, చిత్తూరు వైపు కుండపోతగా కురిసింది. 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరదంతా పెన్నలో కలిసి సోమశిల జలాశయానికి చేరింది, అక్కడి నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి కూడా దెబ్బతిని చెన్నై, విజయవాడల మధ్య బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటింది అక్కడైనా, అంతకు ముందు నెల్లూరు తీరం పక్క నుంచే మెల్లగా పోతూ మనల్ని ముంచింది.

కాబట్టి వాతావరణం చూసేటప్పుడు మీరు వెళ్లే ఊరు ఒక్కటే చూస్తే సరిపోదు. కడప, అన్నమయ్య జిల్లాల్లో వాన ఎలా ఉందో, సోమశిల గేట్లు ఎత్తారో లేదో కూడా కనుక్కోండి. గేట్లు ఎత్తారంటే చూడ్డానికి జనం పోతారు, అది సహజమే. పైన నిలబడి చూడండి. నీళ్లు దూకే వైపు, నది ఒడ్డుకు మాత్రం దిగొద్దు. సైరన్ వినబడ్డాక పిల్లల్ని ఏరుకుని గట్టెక్కే సమయం ఉండకపోవచ్చు.

వాతావరణ శాఖ హెచ్చరికల రంగుల్ని నేను ఇలా వాడుకుంటాను. పసుపు ఉంటే కొండ ఎక్కే కార్యక్రమం పొద్దున్నే పెట్టుకుని మధ్యాహ్నానికి ముగిస్తాను. ఆరెంజ్ ఉంటే వాగులు, జలపాతాలు, సముద్రం మూడూ మానేసి గుడి చూసుకుని ఇంటికి. ఎరుపు అయితే ఇల్లు కదిలే ప్రశ్నే లేదు. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చినా, మత్స్యకారులను వేటకు పోవద్దన్నారని విన్నా, ఆ వారం బీచ్ పక్కన పెట్టేయండి. ఇవేవీ తెలియకపోయినా, తీరానికి పోయాక పడవలన్నీ బాగా పైకి లాగేసి, తాళ్లతో కట్టేసి ఉంటే అంతకు మించిన హెచ్చరిక లేదు. రోజూ ఆ నీళ్లలో బతికేవాళ్లే దిగనప్పుడు మనకేం పని?

ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి కారులో పెట్టుకోండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూముకు 1070 లేదా 18004250101. నల్లమలలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఎన్నింటికి ఎక్కడుంటామో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి, "రాత్రి ఎనిమిదికల్లా ఫోన్ రాకపోతే ఫలానా వాళ్లకు చెయ్యి" అని కూడా చెప్పాలి. ఊరికే "పోయొస్తాం" అంటే వాళ్లకు టెన్షన్ తప్ప ఏం తెలియదు.

దోర్నాల గేటు, చప్టాల మీద నీళ్లు

నల్లమల వైపు వెళ్లేవాళ్లు ముందు గుర్తు పెట్టుకోవాల్సింది గేటు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అది పులుల అభయారణ్యం, రాత్రి దారి వాటిది. మధ్యాహ్నం ఒంగోల్లో తీరిగ్గా భోంచేసి బయలుదేరి, మార్కాపురంలో టీలు, టిఫిన్లు అయ్యాక, గేటు పడేలోపు దాటేయాలని ఘాట్‌లో తొక్కడం అన్నిటికంటే ప్రమాదం. దానికంటే దోర్నాలలోనో మార్కాపురంలోనో పడుకుని తెల్లవారి పోవడం నయం. అడవి మధ్యలో కారు ఆపి దిగొద్దు, కోతులకు అరటిపండ్లు వేయొద్దు. ఒకసారి అలవాటైన కోతి తర్వాతి కారు అద్దంలోంచి చెయ్యి పెడుతుంది. అడవిని చూడాలనుంటే తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ వాళ్లే జీపులో తిప్పుతారు. సొంతంగా కాలిబాట పట్టి లోపలికి పోవడానికి అనుమతి లేదు.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగితే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. వాసన తగిలిందంటే సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. రాపూరు నుంచి చిట్వేలి వైపు పోయే ఘాట్‌లోనూ ఇంతే. టైర్లు, వైపర్లు, లైట్లు, స్టెప్నీలో గాలి సంగతి మీ మెకానిక్కుకు తెలుసు, ఇక్కడ చెప్పక్కర్లేదు.

అసలు భయపడాల్సింది ఘాట్‌లకు కాదు, చప్టాలకు. కనిగిరి, పామూరు, సీఎస్ పురం, ఉదయగిరి, వింజమూరు చుట్టుపక్కల లోపలి రోడ్లు చాలా చోట్ల వాగుల్ని చప్టాల మీదే దాటుతాయి. ఏడాదిలో పది నెలలు అక్కడ గొర్రెలు తప్ప ఏమీ ఉండవు. పైన కొండల్లో ఒక పెద్ద జల్లు పడిందంటే గంటలో రూపం మారిపోతుంది. వేగంగా పారే నీళ్లు చీలమండ దాటితే మనిషి కాలు నిలవదు. అడుగు లోతు వస్తే చిన్న కారు తేలడం మొదలవుతుంది, రెండు అడుగులైతే పెద్ద బండిని కూడా తోసేస్తుంది. బురద నీళ్ల కింద చప్టా ఉందో, మధ్యలో తెగిపోయిందో పైనుంచి కనబడదు. ముందు ట్రాక్టరు పోయింది కదా అని కారుతో దిగొద్దు. ట్రాక్టరు ఎత్తు వేరు, బరువు వేరు. వాగు నిమ్మళించేదాకా ఆగండి, లేదంటే చుట్టు తిరిగి పోండి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు. లోపలికి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క తిప్పుతో ఇంజన్ పాడైపోతుంది, మామూలు ఇన్సూరెన్సులో ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరే కవరు ఉంటుంది. మీ పాలసీలో ఉందో లేదో చూసుకోండి. కారును వదిలి అందరూ గట్టెక్కడమే ముందు పని.

శనివారాల్లో ఇంకొంచెం ఓపిక కావాలి. మాలకొండ గుడి వారానికి ఆ ఒక్కరోజే తెరుస్తారు, పెంచలకోనలోనూ జనం ఎక్కువే. ఆటోలు, ట్రాక్టర్లు, మూడేసి మంది ఎక్కిన బైకులు అన్నీ ఒకే దారిలో. వీలైతే ఆ వైపు ప్రయాణం ఇంకో రోజుకు పెట్టుకోండి.

కొండ మీద

ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగుల పైమాటే. శ్రీకృష్ణదేవరాయల సైన్యానికే ఈ కోట లొంగడానికి ఏడాదిన్నర పట్టింది, మనం పొద్దున పదింటికి టిఫిన్ చేసి మొదలెట్టి లంచ్‌కు దిగొచ్చేద్దాం అనుకుంటాం. తెల్లవారుతుండగానే ఎక్కాలి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి, పైన కోనేటి నీళ్లు తాగే రకం కాదు. దారి తెలిసిన ఊరి మనిషిని ఒకరిని వెంట పెట్టుకోండి. చెప్పులతో ఎక్కేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. వాన తడికి ఆ బండల మీద పాచి పట్టి ఉంటుంది. ఎక్కేటప్పుడు తెలియదు, జారేది దిగేటప్పుడే. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లు ఊళ్లోనే ఆగి, ఉదయగిరి చెక్క గరిటెలు బేరమాడుకుంటూ ఉంటే వాళ్లకూ పొద్దుపోతుంది, మనకూ నిశ్చింత.

ఈ కాలంలో ఉరుములు, పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. మెరుపు కనబడ్డాక సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెట్టండి. ముప్పై లోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, వెంటనే దిగడం మొదలుపెట్టాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి పోవద్దు. కోట బురుజు మీద, ఒంటరి చెట్టు కింద, నాలుగు స్తంభాల మండపంలో నిలబడితే రక్షణ లేదు. తలుపులు మూసిన కారు ఎంతో మేలు. దామిని అనే యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది, కాకపోతే కొండ మీద సిగ్నల్ ఉంటేనే.

భైరవకోనలో ఎనిమిది గుహాలయాల పక్కనే నీళ్లు దూకుతుంటాయి. పిల్లలు వద్దన్నా ఆగరు. స్నానం చేయించండి, కానీ ఒకరు ఒడ్డున నిలబడి పైకి చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైనా, హోరు మారినా, పైన వాన పడి నీళ్లు తోసుకొస్తున్నట్టే. బట్టలు, టవళ్లు వదిలేసి పక్కకు ఎక్కేయాలి. వాగు మధ్య బండ మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లే ఇలాంటప్పుడు చిక్కుకుంటారు.

వనభోజనానికి పొయ్యి వద్దు

ఈ మాటకు మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరుగుతుంది. "పొయ్యి లేకుండా వనభోజనం ఏందిరా? దానికి అడివి దాకా ఎందుకు, మిద్దె మీద తినొచ్చు" అంటుంది మా పెద్దమ్మ. "పులిహోర, పెరుగన్నం ఇంట్లోనే చేసుకొని పోదాం పెద్దమ్మా, ఉసిరిచెట్టు కిందే తిందాం, నిప్పు మాత్రం వద్దు" అంటాను. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం ఎటూ నేరమే. కానీ మా పెద్దమ్మ ఒప్పుకున్నది చట్టానికి కాదు, తేనెటీగలకు.

కోనల్లో పెద్ద బండల అంచు కిందా, ఎత్తైన చెట్ల కొమ్మలకూ నల్లగా, చేటంత వెడల్పున వేలాడేవి కొండ తేనెటీగల పట్లు. దూరం నుంచి చూస్తే బండకు పట్టిన మసిలా ఉంటాయి. దాని కింద చెట్టు నీడ బాగుందని మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తారు. పచ్చి పుల్లలు కాబట్టి పొగ లేస్తుంది. పొగ పట్టుకు తగిలిందంటే ఈగలు ఒకటీ రెండూ కాదు, గుంపుగా లేస్తాయి. అప్పుడు చేతులు విసరకుండా, తల, ముఖం గుడ్డతో కప్పుకుని తిన్నగా పరుగెత్తడమే, కారులోకో గదిలోకో చేరేదాకా. నీళ్లలో దూకితే లాభం లేదు, తల ఎత్తేదాకా పైనే తిరుగుతాయి. ముల్లు చర్మంలో ఉంటే గోరుతోనో కార్డుతోనో వెంటనే గీకేయండి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా, ఎక్కువ ఈగలు కుట్టినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. కూర్చునే ముందు ఒక్కసారి తలెత్తి బండ అంచులు, కొమ్మలు చూడటం అలవాటు చేసుకోండి.

ఎలుగుబంట్లు చెదపుట్టల కోసం తెల్లవారుజామున, సందెవేళ తిరుగుతాయి. ఆ రెండు వేళల్లో పొదల మధ్య నడవకండి, నడవాల్సి వస్తే గట్టిగా మాట్లాడుకుంటూ పోండి. అలికిడి తెలిస్తే అవే తప్పుకుంటాయి.

పాముల విషయంలో మాత్రం పాత అలవాట్లు ఇంకా పోలేదు. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఇవేవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. పాముని చంపి పట్టుకురావాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు పనిచేస్తుంది. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. టెంట్లో, సత్రంలో నేల మీద పడుకునేవాళ్లు దోమతెర కట్టి, అంచుల్ని పరుపు కిందికి దోపుకోవాలి.

సముద్రం దగ్గర

కార్తీక పౌర్ణమి స్నానం అందరికీ ఇష్టమే. పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రంలో పోటు ఎక్కువగా ఉంటుందని తీరం ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. బస్సుల్లో వచ్చే మనకే గుర్తుండదు. ఎక్కడో దూరాన తుపాను ఉన్నా, ఇక్కడ ఆకాశం నీలంగా ఉండగానే పెద్ద కెరటాలు రావచ్చు.

మన తీరంలో మునిగేవాళ్లను చాలాసార్లు తీసుకుపోయేది కెరటం కాదు, వెనక్కి పోయే నీళ్లు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్లు తిరిగి పోవడానికి ఒక సందు వెతుక్కుంటాయి, ఆ సందులోంచి గట్టి లాగుడుతో లోపలికి పోతాయి. మైపాడులో చేపలు పట్టే ఒక పెద్దాయన మా పిల్లల్ని చూసి వేలు పెట్టి చూపించాడు: "అటూ ఇటూ అల ఇరుగుతా ఉంది, మధ్యలో ఇరగడం లేదు, చూశారా? నీళ్లు నున్నగా, నల్లగా ఉండాయే, ఆడికి పోబాకండి." తెలియనివాళ్లకు సరిగ్గా అదే చోటు ప్రశాంతంగా కనిపిస్తుంది. పసిపిల్లల్ని తీసుకుని అక్కడే దిగుతారు. నురగ ఒడ్డు నుంచి లోపలికి పోతున్నా, ఒక్కచోటే నీళ్లు బురదగా ఉన్నా అది కూడా లాగుడే. దిగే ముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరిగే చోటుకు చేరాక వాటితో పాటే ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకా కష్టమైన మాట: ఈత రాకుండా వెనకే దూకొద్దు. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం స్నేహితుడు, ఇలా ఒకరి వెనక ఒకరు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాను, తాడు, థర్మాకోల్ పెట్టె, తేలేది ఏదున్నా విసరండి, దగ్గర్లోని జాలర్లను పిలవండి. అందుకే బీచ్‌కు పోయేటప్పుడు కారులో ఒక ఖాళీ క్యానూ, పది గజాల తాడూ పెట్టుకోమంటాను. మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఏ కాలంలోనూ దిగొద్దు. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరకే రానీయొద్దు. బతిమాలడాలు లేవు, తాళంచెవి, ఫోనూ తీసుకుని కారులో కూర్చోబెట్టడమే. స్నానం మోకాలి లోతు దాటకుండా చేసినా పుణ్యం తక్కువేం రాదు.

చీకటి పడ్డాక హైవే మీద తిరుగు ప్రయాణం పెట్టుకుంటే, లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలు కారు ముందు అద్దంలో ఉన్నట్టుండి కనబడతాయి. మూడు రోజులు నడిపి, ఎక్కి, ఈది అలిసిన మనిషి స్టీరింగ్ పట్టుకునే బదులు ఆ రాత్రి నెల్లూరులో పడుకుంటే మంచిది.

ఇంటికొచ్చాక

బట్టలన్నీ వేడి నీళ్లలో నానబెట్టి ఉతకండి, సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేయండి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనబడనంత చిన్న పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. అది వెంటనే రాదు. వారం నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా తలనొప్పి, ఒళ్లునొప్పులతో మొదలవుతుంది. అప్పటికి ట్రిప్ సంగతే మరిచిపోయి ఉంటాం, వైరల్ జ్వరమేలే అని మాత్రలు మింగుతుంటాం. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, మోకాలి వెనక సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసుకోండి. కొందరికి మచ్చ ఉండదు కూడా. మచ్చ ఉన్నా లేకపోయినా, జ్వరం రెండు రోజులు దాటితే డాక్టరు దగ్గరకు పోయి ముందు చెప్పాల్సింది "ఫలానా తేదీల్లో అడవికి పోయొచ్చాం" అని. ఆ ఒక్క ముక్క చెబితే ఏ పరీక్ష చేయించాలో ఆయనకు తెలుస్తుంది. తొందరగా పట్టుకుంటే మామూలు డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోయే జబ్బు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల మీదికీ, కిడ్నీల మీదికీ పోతుంది. మీతో వచ్చిన ఇంకెవరికైనా జ్వరం ఉందేమో గ్రూపులో అడిగి, ఉంటే వాళ్లనూ చూపించుకోమనండి.